టీవీ ఇంటర్వ్యూలో ముందు ప్రశ్నను రాసుకోండి

చెన్నై అన్నా నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్న మన తెలుగు పిల్లలు, ప్రపంచ రాజకీయాలపై టీవీ ఇంటర్వ్యూలు చూస్తూ జవాబులనే గబగబా రాసుకుంటూ ఉంటారు. నా మటుకు నేను ప్రశ్ననే ముందు రాస్తాను. నోటుపుస్తకంలో పేజీని నిలువుగా మడిచి, ఎడమవైపు ప్రశ్నను అడిగినవారి మాటల్లోనే, కుడివైపు జవాబులోని మొదటి వాక్యాన్ని మాత్రమే రాయండి. రెండింటికీ పొంతన కుదరని చోట సున్నా చుట్టండి.

1997లో బీబీసీ న్యూస్‌నైట్‌లో జెరెమీ ప్యాక్స్‌మన్, బ్రిటన్ మాజీ హోంమంత్రి మైకేల్ హోవార్డ్‌ను, జైళ్ల శాఖాధిపతిని కాదని నిర్ణయం తీసుకుంటానని బెదిరించారా అన్న ఒక్క ప్రశ్ననే పదిసార్లకు పైగా అడిగారు. ఈ పద్ధతిలో రాసి చూస్తే ఎడమవైపు అదే వాక్యం వరుసగా నిలుస్తుంది, కుడివైపు సున్నాలు పేరుకుంటాయి.

ప్రసారమైనదే మొత్తం సంభాషణ అనుకోకండి. 1977లో బ్రిటన్ టీవీ పాత్రికేయుడు డేవిడ్ ఫ్రాస్ట్, అమెరికా మాజీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌ల సంభాషణ 28 గంటలకు పైగా రికార్డయినా, అందులో కొంత భాగమే ప్రసారమైంది. కనుక పేజీ తలపై ప్రసార తేదీతోపాటు, తెలిస్తే రికార్డు చేసిన తేదీని కూడా వేసుకోండి.

రచయితలతో, సంగీత విద్వాంసులతో జరిపే ఇంటర్వ్యూలకు మాత్రం ఈ కొలత పనికిరాదు. అక్కడ దారి తప్పిన జవాబే తరచుగా రుచిగా ఉంటుంది.