చవితి పత్రి, బతుకమ్మ పూలు ఇంటికి తెచ్చే ముందు: పసిపిల్లలు, పిల్లులు, అలర్జీలు ఉన్న ఇళ్ళకు

వినాయక చవితి నుంచి సద్దుల బతుకమ్మ దాకా నెల పైచిలుకు. ఆ రోజుల్లో మన ఇళ్ళలోకి వచ్చే పూలకీ ఆకులకీ లెక్కుండదు. అవన్నీ ఎక్కడ పెడతాం? నేల మీదే. పీట మీద వినాయకుడు, పక్కన చాప మీద పళ్ళెంలో పత్రి, గోడవార తడిగుడ్డ కప్పిన పూలబుట్ట. పాకే బిడ్డకీ పిల్లికీ సరిగ్గా మూతికందే ఎత్తు.

పువ్వు కనబడితేనే హడలిపోనక్కర్లేదు. పిల్లాడు బంతిరెక్క ఒకటి నమిలితే మొహం చిట్లించి ఉమ్మేస్తాడు, అంతే. నిజంగా భయపడాల్సినవి కొన్నే. చిక్కేమిటంటే, అవి దేవుడి ఆకులు కాబట్టి వాటిని మనం అనుమానించం.

వ్రతకల్పంలో దత్తూర, కరవీర, అర్క పత్రాలంటూ చదువుతామే, అవే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు. ఇరవై ఒక్క పత్రిలో ముందు ఈ మూడింటి సంగతి చూడాలి. ఇప్పుడు సిటీలో పత్రి కట్టగా కట్టి అమ్ముతారు. ఏది ఏ ఆకో అమ్మేవాళ్ళకే తెలియదు, కొనేవాళ్ళం అడగం. ఇంటికి రాగానే కట్ట విప్పి, ఈ మూడూ ఏరి, విడిగా ఓ కవర్లో వేసి పైన పెట్టండి. పసిపిల్లలున్న ఇంట్లో ఇవి అసలు తేకపోయినా లోటేమీ లేదు. దొరకని పత్రికి బదులు అక్షతలు వెయ్యడం ఎప్పటినుంచో ఉన్నదే.

గన్నేరు పప్పు విషమని ఊళ్ళలో అందరికీ తెలుసు. ఆకూ, పువ్వూ, కొమ్మా కూడా అంతేనని, పూలు వేసి ఉంచిన నీళ్ళలోకి కూడా ఆ విషం దిగుతుందని చాలామందికి తెలియదు. ఎర్ర గన్నేరైనా పచ్చ గన్నేరైనా దెబ్బ గుండె మీదే. ముందు వాంతులు, కడుపునొప్పి; తర్వాత గుండె కొట్టుకోవడంలో లయ తప్పుతుంది. కుక్కలకీ, పిల్లులకీ, ఆవులకీ అదే పరిస్థితి. ఎండిన గన్నేరు కొమ్మలు పొయ్యిలో పెట్టకండి, పొగ కూడా మంచిది కాదు.

ఉమ్మెత్తలో ఆకు కన్నా ముళ్ళకాయతో జాగ్రత్త. పిల్లలకి అది బొమ్మలా కనిపిస్తుంది, లోపలంతా విషపు గింజలే. తిన్న పిల్లాడికి మొహం ఎర్రబడుతుంది, నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, లేనివి కనబడుతున్నట్టు మాట్లాడతాడు. జ్వరంలో పలవరింతలే అనుకుని తడిగుడ్డ వేస్తూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

ఇక జిల్లేడు. ఓ చవితికి మా అత్తమ్మ జిల్లేడు పూలదండ గుచ్చుతోంది. తొడిమ తుంచిన ప్రతిచోటా తెల్లటి పాలచుక్క పూసలా నిలబడుతోంది. మధ్యలో కళ్ళజోడు తీసి, అదే వేలితో కన్ను నలుపుకుంది. కాస్త మండిందంది, కడుక్కుంది, నొప్పేమీ లేదంది. సాయంత్రం హారతి ఇచ్చేటప్పుడు, "దీపం చుట్టూ రంగులు కనబడుతున్నాయేమిటే?" అంది. మర్నాడు పొద్దునకి ఆ కంటికి అంతా పొగమంచు. జిల్లేడు పాలు కంటి నల్లగుడ్డు మీది పారదర్శకపు పొరని ఉబ్బిస్తాయని, నొప్పి పెద్దగా తెలియకపోవడమే ఇందులో మోసమని కంటి డాక్టరు చెబితే గానీ మాకు తెలియలేదు. చుక్కల మందుతో వారం పైన పట్టింది తగ్గడానికి. జిల్లేడు కోసినా గుచ్చినా చేతులు సబ్బుతో కడిగాకే మొహం ముట్టుకోండి. పాలు కంట్లో పడితే కుళాయి ధార కింద పావుగంట తగ్గకుండా కడిగి, నొప్పి లేకపోయినా అదే రోజు కంటి డాక్టరుకి చూపించండి.

పూజ జరిగేటప్పుడు ఎవరో ఒకరు పిల్లల్ని పట్టుకునే ఉంటారు. అసలు ప్రమాదం ఉద్వాసన తర్వాత. నిర్మాల్యం ఓ కవర్లో కుక్కి, నీళ్ళలో కలిపేవరకూ బాల్కనీ మూలన పడేస్తాం. రెండు రోజులకి అందులో బూజు, చీమలు, పక్కింటి కుక్కపిల్ల మూతి. మూత ఉన్న డబ్బాలో వేసి ఎత్తున పెట్టండి.

పిల్లిని పెంచుకునేవాళ్ళు మాత్రం ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. పండగకి వచ్చేవాళ్ళు బొకేలు తెస్తారు, అందులో లిల్లీ ఉంటుంది. ఇది మనం మూరల్లెక్కన కొనే లిల్లీ కాదు. దండల్లో వాడేది నేలసంపెంగ, దాని జాతి వేరు. బొకే లిల్లీ మొగ్గ వేలంత పొడవు, విచ్చుకుంటే ఆరు రెక్కలు, మధ్యలో గోధుమరంగు పొడి నిండిన కేసరాలు. ఆ పొడి ఒంటికి అంటి పిల్లి నాకినా, వాజులో నీళ్ళు తాగినా కిడ్నీలు దెబ్బతింటాయి. కేసరాలు కత్తిరించేస్తే సరిపోతుందని కొందరంటారు, సరిపోదు. ఆకూ రెక్కా కూడా విషమే. పిల్లి ఉన్న ఇంట్లో బొకే గుమ్మం దాటకముందే లిల్లీలు తీసి పక్కింటి పిన్నిగారికి ఇచ్చెయ్యండి. గులాబీ, జెర్బెరాలతో ఆ భయం లేదు. ఒకవేళ నాకినట్టు అనుమానమొస్తే, పిల్లి హుషారుగానే ఉంది కదా అని మర్నాటిదాకా చూడొద్దు. అదే రోజు పశువైద్యుడి దగ్గర ఉండాలి.

పువ్వు కన్నా దారమే పిల్లికి పెద్ద ప్రమాదం కావచ్చు. వాడిన మల్లెదండ దారంతో ఆడుతూ ఆడుతూ మింగేస్తుంది. కొస నోట్లోంచో వెనకనుంచో వేలాడుతుంటే లాగకండి, పేగులు కోసుకుపోతాయి. డాక్టరే తియ్యాలి. దండ వాడగానే దారం ముక్కలుగా కత్తిరించి మూత ఉన్న చెత్తబుట్టలో వెయ్యండి.

అలర్జీ సంగతి కొంచెం వేరు. బంతి, చామంతుల పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. గాల్లో పెద్దగా ఎగరదు. ఆయాసం ఉన్నవాళ్ళని బాధపెట్టేవి తలుపులేసిన గదిలో మల్లె, నేలసంపెంగల ఘాటు, తడిసి మగ్గిన పూల బూజు. దానికి తోడు అగరొత్తుల పొగ (తుమ్ములకి తిట్లు మాత్రం పూలకి!). పడుకునే గదిలో రాత్రి పూలు ఉంచకండి. చామంతులు గుచ్చితే వేళ్ళ చివర్లు దురదపెట్టి పగిలేవాళ్ళు, వయ్యారిభామ పడనివాళ్ళు గ్లవుజులు వేసుకోవాలి, లేదా ఆ పని ఇంకొకరికి అప్పజెప్పాలి. రెండూ ఒకే కుటుంబం మొక్కలు.

బతుకమ్మ పూలలో తంగేడు, గునుగు, బంతి గురించి కంగారక్కర్లేదు. రంగుల్లో ముంచిన గునుగు ఒక్కటే పిల్లల చేతికివ్వకండి. ఆ రంగు ఏమిటో మనకి తెలియదు, వేళ్ళు నేరుగా నోట్లోకే పోతాయి. రంగు వెయ్యని గునుగు అందానికి తక్కువేమీ కాదు. పూలని పేపరు మీద దులిపి, తేనెటీగలు, గొంగళిపురుగులు పోయాకే పిల్లల్ని కూర్చోబెట్టండి.

ఇత్తడి ఉరళిలో పూలు తేలేసే ఇళ్ళలో పాకే పిల్లలుంటే ఈ ఏడాదికి మానెయ్యండి. జానెడు నీళ్ళు చాలు ముప్పుకి. పైగా డెంగీ రోజులు. వాజైనా ఉరళైనా రెండు రోజులకోసారి నీళ్ళు పారబోసి, గోడలు పీచుతో తోమాలి. దోమగుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి.

పిల్లలు ఏదైనా నమిలారనిపిస్తే నోట్లో మిగిలింది వేలితో తీసి, నోరు కడిగించండి. ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించడం, చింతపండు పులుసు తాగించడం వద్దు. 108కి ఫోన్ చెయ్యండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషప్రభావాల సమాచార కేంద్రం ఉంది, నంబరు 1800 116 117. పండగకి ముందే ఫోన్లో వేసి పెట్టుకోండి. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న "ఏ ఆకు?" అనే. నమిలిన ముక్కనీ, దాని కొమ్మనీ కవర్లో వేసి వెంట తీసుకెళ్ళండి.