బయానా ఇచ్చే ముందే బోరు, సెప్టిక్ ట్యాంకు చూసుకోండి

ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు వాస్తు చూస్తారు, గోడల పగుళ్లు చూస్తారు. మోటారు వేయించి, పైపులో నీళ్లు దబదబా పడగానే బాగుందనుకుని వచ్చేస్తారు. ఆ పది నిమిషాల నీళ్లను బట్టి బోరు సంగతి తెలియదు. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు దాదాపు 21 లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. 50 మీటర్ల మేర నీళ్లుంటే వెయ్యి లీటర్ల పైమాటే. నిమిషానికి 40 లీటర్లు తోడే మోటారు మొదటి పాతిక నిమిషాలూ లాగేది ఎక్కువగా ఆ నిల్వనే. ఊట ఎంతుందో ఆ తర్వాతే బయటపడుతుంది.

అందుకని రెండు గంటలు ఆపకుండా వేయించండి. పావుగంటకోసారి 20 లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతోందో రాసుకోండి. మొదట 30, చివర 35 అయితే బోరు బాగున్నట్టే. 30 కాస్తా 90 అయినా, మధ్యలో పైపు గాలి కొట్టినా ఊట తక్కువే. చివరిదాకా మట్టినీళ్లే వస్తుంటే కేసింగ్ (బోరులో మట్టి కూలకుండా దింపే గొట్టం) రాతిదాకా దిగలేదేమో అనుమానించాలి. తలకు 135 లీటర్ల చొప్పున ఐదుగురికి రోజుకు 675 లీటర్లు కావాలి. ఈ పరీక్షకు మే నెల సరైన కాలం. వానలయ్యాక కొంటుంటే, ఎండాకాలంలో ట్యాంకరు తెప్పించుకున్నారా అని పక్కింటివాళ్లను అడగండి. కావాలంటే ఇంకో బోరు వేసుకోవచ్చులే అనుకోవద్దు. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం దానికి అనుమతి కావాలి.

తర్వాత టేపు తీయండి. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే ఇంకుడు గుంతకూ తాగునీటి బోరుకూ, నూతికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే 60 అడుగుల దూరం ఉండాలన్నది భారతీయ ప్రమాణం. 40కి 54 అడుగుల ఐదు సెంట్ల స్థలంలో ఆ మూల నుంచి ఈ మూలకు కొలిచినా 67 అడుగులే. బోరు ఒక మూల, గుంత ఎదుటి మూల ఉంటే తప్ప ఆ దూరం రాదు. మీ గుంత ఒక్కటే కొలిస్తే సరిపోదు. ప్రహరీకి అవతల పక్కింటివాళ్ల గుంత మీ బోరుకు పది అడుగుల్లోనే ఉండొచ్చు. గోడ ఎక్కి చూసైనా దాన్నీ కొలవండి. కేసింగ్ నేలకు అడుగు ఎత్తున ఉండి, చుట్టూ సిమెంటు గట్టు, పైన మూత ఉండాలి. నేల మట్టానికి కోసేసిన కేసింగులోకి వాననీరు నేరుగా దిగుతుంది.

సెప్టిక్ ట్యాంకు అని చెప్పేవాటిలో కొన్ని నిజానికి అడుగున కాంక్రీటు లేని వరల గొయ్యిలే. అమ్మేవాళ్లతోనే సక్షన్ ట్యాంకరు పిలిపించి ఖాళీ చేయించండి. లోపలికి ఎవరినీ దించకండి, అగ్గిపుల్ల గీయకండి. అందులోని గ్యాసు క్షణాల్లో మనిషిని పడగొడుతుంది. పైనుంచే టార్చి వేసి అడుగు, నడిమి గోడ, వచ్చేచోటా పోయేచోటా టీ (T) ఆకారపు పైపులు ఉన్నాయో లేదో చూడండి. టీ లేకపోతే పైన తేలే తెట్టు ఇంకుడు గుంతలోకి పోయి నేల రంధ్రాలను పూడ్చేస్తుంది. ఐదుగురికి లోపలి కొలత కనీసం 1.5 మీటర్ల పొడవు, 0.75 వెడల్పు, నీటి లోతు 1 మీటరు ఉండాలి. ఖాళీ చేసిన మర్నాటికి నీరు ఊరితే భూగర్భజలం లోపలికి వస్తోందన్నమాట. వానాకాలంలో ఆ ట్యాంకు నిండి మరుగుదొడ్డిలోకి ఎదురు తన్నుతుంది. పొడిగా ఉంటే పోయే పైపు మట్టం దాకా నీళ్లు నింపి, సుద్దతో గీత పెట్టి, ఒక రోజు ఎవరూ వాడకుండా ఉంచండి. అంగుళం దిగినా కారుతున్నట్టే. పోయే పైపు వీధి కాలువలోకి పెట్టారేమో కూడా చూసుకోండి. నాగావళి, వంశధార దగ్గరి పల్లపు వీధుల్లో గోడమీది వరద మరక ట్యాంకు మూతకంటే ఎంత ఎత్తుందో కొలవండి.

నీటి పరీక్షకు శాంపిల్ ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కాదు, బోరు దగ్గరి కుళాయి నుంచే పట్టాలి. బాక్టీరియా పరీక్షకు ల్యాబ్ ఇచ్చిన శుద్ధమైన సీసాయే వాడండి. కుళాయి మూతిని మంటతో కాల్చి, మూడు నిమిషాలు నీళ్లు వదిలి పట్టి, ఐసులో పెట్టి అదేరోజు అందించాలి. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలి (మలంలో ఉండే బాక్టీరియా) ఒక్కటీ ఉండకూడదు. లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 దాటకూడదు. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 500 లోపుంటే మేలు. నైట్రేట్ ఎక్కువైతే దొడ్డిగుంతో, ఎరువులో కారణం. కాచితే అది పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల్లోపు పసివాళ్ల పాలలో ఆ నీళ్లు కలపనే కూడదు.

గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు నేలలు కాబట్టి బకెట్టు నీళ్లు రాత్రంతా ఉంచండి. నల్లమడ్డి దిగితే మాంగనీసునూ, ఎర్రమడ్డి దిగితే ఇనుమునూ పరీక్షించమని అడగండి. భోగాపురం, కళింగపట్నం తీరంలో క్లోరైడ్ చూడాలి. అక్కడ ఎక్కువ తోడేకొద్దీ ఉప్పునీరు దగ్గరికొస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. కవిటి, సోంపేట, పలాసల్లో కొనేవాళ్లు ఆ వీధికి హిరమండలం జలాశయం నుంచి వచ్చే నీటి కుళాయి ఉందో లేదో ముందు చూడండి.

రాడాన్ నేలలోని యురేనియం నుంచి పుట్టే, ఊపిరితిత్తులకు హాని చేసే వాసన లేని గ్యాసు. కిటికీలు తెరిచి ఉంచే ఇళ్లలో అంతగా పోగుపడదు. కళింగపట్నం, భావనపాడు తీరపు నల్లిసుకలో థోరియం ఉన్న మోనజైట్ ఉంటుంది. దాని నుంచీ అలాంటి గ్యాసే వస్తుంది. పునాదిలో సముద్రపు ఇసుక నింపారా అని మేస్త్రీని అడగండి. నింపి ఉంటే ఏసీ గది కిటికీలు రోజూ కాసేపు తెరవండి.

నీటి రిపోర్టు వచ్చాకే బయానా ఇవ్వండి. లేదా నైట్రేట్, ఈ-కోలి హద్దు దాటితే బయానా తిరిగివ్వాలని అగ్రిమెంటులో రాయించండి.