నీళ్లలో ఫోటోలు: ఫ్లాష్ వెయ్యాలా, ఎండనే నమ్ముకోవాలా

ముందు నా ఘనకార్యం చెప్తా. మొదటిసారి అండమాన్ వెళ్లినప్పుడు హేవ్‌లాక్‌లో (2018 నుంచి పేరు స్వరాజ్ ద్వీప్ అయింది గానీ అందరూ ఇంకా హేవ్‌లాక్ అనే అంటారు) ఎలిఫెంట్ బీచ్ దగ్గర స్నార్కెలింగ్ (నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందకి చూడటం) చేస్తూ ఓ చిన్న వాటర్‌ప్రూఫ్ కెమెరాతో రెండొందల పైచిలుకు ఫోటోలు కొట్టా, ఫ్లాష్ ఆటోలో వదిలేసి. రూముకొచ్చి చూసుకుంటే ప్రతి దాంట్లో చేప కన్నా ముందు తెల్ల చుక్కలు, ఎవరో గుప్పెడు బొరుగులు చల్లినట్టు. మా బావ చూసి "సముద్రమా ఇది, మనాలియా?" అన్నాడు.

కెమెరా తప్పేం లేదు, తప్పంతా ఫ్లాష్‌ది. నీళ్లు మన కంటికి ఎంత క్లియర్‌గా కనపడినా వాటిలో ఇసుక రేణువులు, ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవులు, ఏవో ఒకటి తేలుతూనే ఉంటాయి. చిన్న కెమెరాల్లో ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి ఆ వెలుగు రేణువులకి తగిలి నేరుగా లెన్సులోకే తిరిగొస్తుంది. పొద్దున్నే లంబసింగి మంచులో కారు హైబీమ్ వేస్తే రోడ్డు కనపడకపోగా ఎదురుగా తెల్ల గోడ లేస్తుంది చూశారా, అచ్చం అదే. దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు.

అందుకని స్నార్కెలింగ్‌కి వెళ్లేవాళ్లు బోటు ఎక్కకముందే ఫ్లాష్ ఆఫ్ చేసెయ్యండి, ఆటోలో కూడా వద్దు. గోప్రో లాంటివాటికి అసలు ఫ్లాషే ఉండదు, ఆ గొడవే లేదు.

మరి ఫ్లాష్ ఎందుకు పెట్టారయ్యా అంటే, రంగుల కోసం. నీళ్లు వెలుగులో ముందు ఎరుపుని మింగేస్తాయి. సుమారు 5 మీటర్లు దాటేసరికి ఎరుపు చాలావరకు పోతుంది, 10 మీటర్ల దగ్గర నారింజ, 20 దాటాక పసుపు కూడా డల్ అయిపోయి చివరికి మిగిలేది నీలం, ఆకుపచ్చ. ఆ ట్రిప్పులోనే మా బావ ఎర్ర టీషర్ట్ వేసుకుని స్కూబాకి (వీపున గాలి సిలిండర్‌తో లోతుకి వెళ్లడం) దిగాడు, కింద తీసిన ఫోటోలో అది వక్కపొడి రంగు. ఇక్కడ చాలామంది మిస్సయ్యే పాయింట్ ఒకటుంది. లోతు ఒక్కటే లెక్క కాదు, వెలుగు పైనుంచి చేప దాకా వచ్చి, అక్కడ్నుంచి మీ కెమెరా దాకా నడిచిన దూరం మొత్తం లెక్క. చేప 3 మీటర్ల లోతులో ఉండి మీరు 2 మీటర్ల అవతల నుంచి తీస్తే అది 5 మీటర్ల నీళ్లు తాగొచ్చిన వెలుగు. అంటే లోతు తక్కువైనా దూరం నుంచి జూమ్ చేసి తీస్తే నీలమే వస్తుంది, జూమ్ జోలికి పోకుండా మీరే దగ్గరికి వెళ్లండి.

ఎండతో తీసేటప్పుడు టైమ్ చాలా ముఖ్యం, అండమాన్‌లో మరీను. అది మనకి బాగా తూర్పున ఉంది కదా, గడియారం మాత్రం మనదే, అందుకని అక్కడ సూర్యుడు నడినెత్తికొచ్చేది పన్నెండింటికి కాదు, పదకొండుంపావు ప్రాంతంలో. సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. మనూళ్లో లాగా భోజనం చేసి తీరిగ్గా మూడింటికి దిగుదాంలే అనుకుంటే ఎండ ఏటవాలుగా పడి, కొంత వెలుగు నీటి మీదే తళుక్కుమని వెనక్కి పోతుంది. తొమ్మిది నుంచి ఒంటిగంట లోపు స్లాట్ అడగండి. నీళ్లలో సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా తిరగండి, చేపల మీద నేరుగా వెలుగు పడుతుంది. పైనుంచి కిందకి తీస్తే చేప నేలలో కలిసిపోతుంది, కాస్త మునిగి దాని ఎత్తుకి వచ్చి తీస్తే వెనకాల నీలం వస్తుంది. ఇంకోటి, అక్కడ గైడ్ మనల్ని రబ్బరు ట్యూబుకి పట్టుకోమని లాక్కెళ్తుంటాడు, ఆ స్పీడులో తీసినవన్నీ షేకే. "భయ్యా ఏక్ మినిట్" అని ఆపించుకుని తియ్యండి, ఏమీ అనుకోరు. షటర్ స్పీడ్ (కెమెరా కన్ను తెరిచి ఉండే సమయం) మార్చుకునే వీలుంటే సెకనులో 1/125 వంతు కన్నా నెమ్మదిగా పెట్టకండి.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగులు సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదలకుండా అండర్‌వాటర్ మోడ్ ఉంటే అది పెట్టండి, మాన్యువల్ ఉంటే నీళ్లలోనే ఓ తెల్ల ప్లాస్టిక్ ముక్కకి చూపించి సెట్ చేసుకుని, లోతు మారినప్పుడల్లా మళ్లీ చెయ్యాలి. విసుగే, కానీ తేడా తెలుస్తుంది. ఎర్ర ఫిల్టర్ (లెన్సు ముందు తగిలించే రంగు అద్దం) స్కూబాకి దిగేవాళ్లకి 5 నుంచి 15 మీటర్ల మధ్య పనికొస్తుంది, పైపైన స్నార్కెలింగ్‌లో పెడితే మనుషులంతా కుంకుమ పూసుకున్నట్టు వస్తారు. రుషికొండ వైపు లాగా నీళ్లు ఆకుపచ్చగా ఉండే చోట ఎరుపు కాదు, మెజెంటా ఫిల్టర్ వాడాలి. ఫిల్టర్, ఫ్లాష్ రెండూ కలిపి మాత్రం వెయ్యకండి.

ఇక ఫ్లాష్ ఎప్పుడంటే నా లెక్క ఒక్కటే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటేనే. అంతకన్నా దూరమైతే వెలుగు చేరేలోపే నీళ్లు మింగేస్తాయి, చుక్కలు మాత్రం గ్యారెంటీ. రెండోసారి వెళ్లినప్పుడు స్కూబాలో ఓ అనిమోనీ (పువ్వులా కనపడే సముద్ర జీవి) దగ్గర ఆగా, అందులో నీమో చేప ఒకటి దూరుతూ బయటికొస్తూ ఉంది. ఫ్లాష్ లేకుండా తీస్తే తుప్పుపట్టిన రేకు రంగు. కెమెరా ఫ్లాష్ మీద తెల్ల ప్లాస్టిక్ ముక్క టేపుతో అంటించుకెళ్లా, వెలుగు మెత్తబడటానికి, జానెడున్నర దూరం నుంచి కొడితే ఒక్కసారిగా ఆ నారింజ రంగు, మీద తెల్ల పట్టీ, దాని అంచున సన్నటి నల్ల గీత కూడా వచ్చింది. చేపకి, లెన్సుకి మధ్య నీళ్లే లేకపోతే చుక్కలు ఎక్కణ్నుంచి వస్తాయి? అయితే ఒకటి రెండు కొట్టి వదిలెయ్యండి, పాపం దాని ఇంటి ముందు పెళ్లి ఫోటోగ్రాఫర్‌లా నిలబడకండి. పగడాల మీద చెయ్యి, కాలు ఆనించొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

డబ్బు పెట్టగలిగితే విడి స్ట్రోబ్ (కెమెరాకి బయట పెట్టుకునే పెద్ద ఫ్లాష్) కొనుక్కుని కర్రలాంటి ఆర్మ్ మీద కెమెరాకి పక్కకి దూరంగా పెట్టి, వెలుగు సూటిగా కాకుండా అంచు మాత్రమే చేప మీద పడేలా బయటికి తిప్పుకోవచ్చు, చుక్కలు బాగా తగ్గుతాయి. కానీ ఏడాదికోసారి వెళ్లే మనకి అంత అవసరం లేదని నా అభిప్రాయం. ఫస్ట్ టైమ్ స్కూబా చేసేవాళ్లయితే అసలు కెమెరానే వద్దు, ఊపిరి మీద ధ్యాస పెట్టండి, ఫోటోలు ఇన్‌స్ట్రక్టర్ తీస్తాడు. ఐపీ68 (నీళ్లు, దుమ్ము తట్టుకుంటుందని ఫోన్‌కిచ్చే రేటింగ్) ఉంది కదా అని ఫోన్ డైరెక్టుగా ముంచేవాళ్లకి ఒక మాట, ఆ టెస్టు మంచినీళ్లలో చేస్తారు, ఉప్పునీళ్లలో కాదు.

నీలంగా వచ్చిన ఫోటోలని ఎడిటింగ్‌లో వార్మ్ చేసి ఎరుపు కొంత లాగొచ్చు, రా ఫైల్ (కెమెరా పట్టుకున్న వివరాలన్నీ కుదించకుండా ఉంచే ఫైల్) అయితే ఇంకా బాగా వస్తుంది. అసలు లేని ఎరుపుని లాగితే మాత్రం గ్రెయిన్ (ఫోటో అంతా ఇసుక చల్లినట్టు గరుకుదనం) తప్ప ఏం రాదు. మా బావ టీషర్ట్ ఫోటోతో రెండు గంటలు కుస్తీ పట్టి చివరికి బ్లాక్ అండ్ వైట్ చేసేశా, ఇప్పుడది వాళ్ల హాల్లో టీవీ పైన ఉంది.