రాత్రిపూట చిన్న విమానం దించే ముందు

తమ్ముడూ, రాత్రి మధురపూడిలో, అదే రాజమండ్రి విమానాశ్రయంలో, దిగాలంటే ముందు ఇది బుర్రలో పెట్టుకో. కింద గోదారి, వరిచేలు, అంతా చీకటి, ఎదురుగా రన్‌వే లైట్లు తప్ప ఇంకేమీ లేకపోతే మనం చాలా ఎత్తులో ఉన్నామని కళ్లు నమ్మించేస్తాయి, అలా తెలియకుండానే దిగిపోయి రన్‌వేకి ముందే నేలను గుద్దుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

రన్‌వే పక్కన పాపీ (PAPI) లైట్లనే నమ్ము, మనం సరైన ఎత్తులో దిగుతున్నామో లేదో చూపే నాలుగు లైట్ల వరుస అది. రెండు తెలుపు, రెండు ఎరుపు అయితే సరే. నాలుగూ ఎర్రగా కనిపిస్తే బాగా కిందకొచ్చేశావు, వెంటనే పైకి లేపు.

టవర్ చెప్పిన క్యూఎన్‌హెచ్, అంటే ఎత్తు చూపే మీటర్‌లో పెట్టాల్సిన గాలి పీడనం అంకె, సరిగ్గా పెట్టావా? ఒక్క హెక్టోపాస్కల్ (పీడనం కొలత) తప్పితే మీటర్ చూపే ఎత్తులో దాదాపు 30 అడుగులు తేడా.

భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద లైట్లు బారుగా వెలుగుతుంటాయి, వాటిని చూసి రన్‌వే అనుకోకు.

చలికాలం మంచు కమ్మి ఇక్కడ దిగలేకపోతే గన్నవరం (విజయవాడ విమానాశ్రయం) వెళ్లేంత ఇంధనం ఉండాలి.