ఎరువు నిండుగా ఉన్నా పచ్చబడని సముద్రం: సమస్య – పరిష్కారం

హైదరాబాద్ వాళ్లు సముద్రం చూడాలంటే రాత్రి బస్సెక్కి తెల్లవారాక బందరులో దిగాలి. అయినా మా డిగ్రీ విద్యార్థుల్లో కొందరు ఏటా ప్రాజెక్టుకు సముద్రాన్నే ఎంచుకుంటారు. ఉపగ్రహాలు తీసిన క్లోరోఫిల్ (ఆకుపచ్చ రంగు పదార్థం) పటాలు ఉచితంగా దొరకడమే అందుకు కారణం. ఊళ్లోనే, ప్రగతి నగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) మన మత్స్యకారులకు చేపల జాడ చెప్పేది కూడా ఇలాంటి పటాలు చూసే. పిల్లలు అరేబియా సముద్రంతో మొదలుపెడతారు. తర్వాత కుతూహలం ఆపుకోలేక పటాన్ని కిందికి జరుపుకుంటూ వెళ్లి అంటార్కిటికా దగ్గర తేలతారు. అక్కడ లెక్కలు తప్పుతాయి, నా గది తలుపు చప్పుడవుతుంది. ప్రతిసారీ చెప్పే జవాబులనే ఇక్కడ రాసి పెడుతున్నాను.

సమస్య 1: నైట్రేట్ నిండుగా ఉంది, వృక్షప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కల్లాంటి జీవులు) లేవు

లక్షణం: అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో డిసెంబరు నెల, అంటే అక్కడ ఎండాకాలం. అంటార్కిటికాకు దగ్గరి భాగాల్లో పగలు రోజుకు పద్దెనిమిది గంటలకు పైనే. పైనీటిలో నైట్రేట్ లీటరుకు 20 నుంచి 30 మైక్రోమోల్స్. మన బంగాళాఖాతం పైనీటిలో అది దాదాపు సున్నా. ఇంత ఎరువు ఉన్నా పటంలో చాలా భాగం నీలంగానే, అంటే క్లోరోఫిల్ లేనట్టే కనిపిస్తుంది.

కారణం: ఇనుము. కానీ ఈ ఒక్క మాట రాసి ప్రాజెక్టు ముగించకండి. ఇనుము లేకపోవడం వేరు, ఉన్న ఇనుము అందకపోవడం వేరు. నాకు ఈ తేడా పుస్తకంలో కంటే మా మేడ మీది నిమ్మ మొక్క దగ్గర బాగా అర్థమైంది. కొత్త ఆకులు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి, ముదురు ఆకులకు ఏమీ కాలేదు. "నీళ్లు పోస్తున్నాం, పేడ ఎరువు వేస్తున్నాం, ఇంకేం తక్కువైందమ్మా దీనికి?" అని మా అత్తగారు వారం రోజులు అడిగారు. కుండీలో ఉన్నది ఎర్రమట్టి. ఆ ఎరుపే ఇనుము వల్ల వచ్చింది. తప్పు మా బోరు నీళ్లది. బకెట్టు అంచున తెల్లటి పొర కట్టే ఆ క్షార జలంలో ఇనుము కరగదు, కరగనిది వేరు పీల్చుకోలేదు. పాత ఆకుల్లో ఉన్న ఇనుము కొత్త ఆకులకు కదలదు కాబట్టి పసుపు చిగుళ్లలోనే కనిపించింది.

సముద్రం కూడా క్షార జలమే. భూమి పైపొరలో దాదాపు 5 శాతం ఇనుమే అయినా, ఆక్సిజన్ నిండిన ఆ నీటిలో పడ్డ ఇనుము తుప్పుగా మారి రేణువులకు అంటుకుని కిందికి దిగిపోతుంది. కొన్ని బోర్ల నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి బిందె అడుగున ఎర్రటి మడ్డి చేరడం చూసే ఉంటారు. అక్కడ జరిగేదీ అదే. ఇక తీరానికి దూరంగా, ఇనుమును మోసుకొచ్చే ధూళి పెద్దగా చేరని దక్షిణ మహాసముద్రంలో కరిగిన ఇనుము చాలాచోట్ల లీటరుకు 0.1 నుంచి 0.3 నానోమోల్స్ మాత్రమే. అంకె చూస్తే ఏమీ తట్టదు కాబట్టి లెక్క వేయండి: 0.1 నానోమోల్ అంటే లీటరుకు 5.6 నానోగ్రాములు. వేసవిలో మన అపార్ట్‌మెంట్లకు వచ్చే పదివేల లీటర్ల ట్యాంకరు నిండా ఆ సముద్రపు నీరు పడితే, అందులో కరిగిన ఇనుము బరువు ఒక ఉప్పు రవ్వంత.

ప్లవకానికి ఇనుము లేనిదే కిరణజన్య సంయోగక్రియ సాగదు, నైట్రేట్‌ను వాడుకునే ఎంజైములూ పనిచేయవు. ఎరువు కళ్లెదుటే ఉంటుంది, తినడానికి నోరు ఉండదు.

అమెరికా శాస్త్రవేత్త జాన్ మార్టిన్ 1980ల చివర్లో ఈ వాదాన్ని గట్టిగా ముందుకు తెచ్చారు. ఇనుము అందితే ప్లవకాలు పెరిగి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటాయి, అవి అడుగుకు మునిగితే ఆ కార్బనూ మునుగుతుంది, భూమి చల్లబడుతుంది అన్నది దాని వెనక ఆలోచన. "సగం ట్యాంకరు ఇనుము ఇవ్వండి, మీకు మంచుయుగం తెచ్చిస్తాను" అని 1988లో ఆయన సరదాగా అన్న మాట ఇప్పటికీ తిరుగుతోంది. ఆ ట్యాంకరు ఓడ, మన నీళ్ల బండి కాదు. ఆయన 1993లో పోయారు. బహిరంగ సముద్రంలో తొలి ఇనుము ప్రయోగం ఆ ఏడాదే, ఆయన మరణం తర్వాత జరిగింది. దక్షిణ మహాసముద్రంలో 1999లో ఇనుము కలిపినప్పుడు పుట్టిన పచ్చదనం 40 రోజులు దాటాక కూడా ఉపగ్రహానికి కనిపించింది.

పరిష్కారం: మీ పటం మీద ఇనుము దారులు గీయండి. హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన ఉన్న కెర్గెలెన్ దీవుల చుట్టూ నీటి అడుగున ఉన్న పీఠభూమి మీదుగా ప్రవాహం సాగేటప్పుడు అడుగు నుంచి ఇనుము పైకి వస్తుంది. నవంబరు నుంచి అక్కడ పచ్చటి మచ్చ పరుచుకుంటుంది. పశ్చిమ అంటార్కిటికా తీరాన అముండ్‌సెన్ సముద్రంలో హిమానీనదాలు కరిగే చోట మరొకటి. చలికాలమంతా తనలో ఇనుము దాచుకున్న సముద్రపు మంచు వసంతంలో కరుగుతూ వెనక్కి తగ్గుతుంటే, దాని అంచు వెంబడి ఆకుపచ్చ చార నడుస్తుంది. దారి ఉన్నచోట పచ్చ, లేనిచోట నీలం అని తేలితే సగం పని అయిపోయినట్టే.

ఒక జాగ్రత్త. ఇనుము చాలని కణం తనలో క్లోరోఫిల్‌నే తక్కువగా తయారు చేసుకుంటుంది. పటం నీలంగా ఉందని జీవం అంత తక్కువని తేల్చేయకండి.

సమస్య 2: పాత పట్టికల్లో ఇనుము బోలెడు ఉంది

కారణం: అది సముద్రపు ఇనుము కాదు, ఓడది. ఉక్కు ఓడ మీద ఉక్కు తాడుతో సీసా దింపితే ఇంకేమవుతుంది? నమ్మదగిన కొలతలు రావడానికి 1980ల దాకా ఆగాల్సి వచ్చింది. ప్లాస్టిక్ సీసాలను రోజుల తరబడి ఆమ్లంలో నానబెట్టి, కడిగి, సంచిలో సంచి పెట్టి మూసి, వడకట్టిన గాలి ఆడే గదిలో చేతి తొడుగులతో మాత్రమే తెరుస్తారు. ఆ మూత తీసేటప్పుడు చేతికి ఉంగరం కూడా ఉండకూడదు.

పరిష్కారం: ఆ పాత అంకెలను జాలి లేకుండా కొట్టేయండి. సముద్రంలో ఇనుము లాంటి సూక్ష్మ మూలకాలను శుభ్రంగా కొలిచే అంతర్జాతీయ కార్యక్రమం జియోట్రేసెస్ సమాచారం ఉచితంగానే దొరుకుతుంది.

సమస్య 3: ఇనుము ఉంది, అయినా పెరుగుదల లేదు

నీరు ఎంత లోతు దాకా కలిసిపోతోందో చూడండి. అక్కడి గాలులు పైనీటిని వంద మీటర్లకు మించి కూడా చిలికేస్తాయి. ఆ చిలుకుడులో చిక్కిన కణం చాలాసేపు చీకట్లోనే గడుపుతుంది. తక్కువ వెలుతురులో బతకాలంటే కాంతిని పట్టే యంత్రాంగం ఎక్కువ కావాలి, దానికి మళ్లీ ఎక్కువ ఇనుము కావాలి. అందుకే వెలుతురు, ఇనుము అనే రెండు గళ్లూ వేరువేరు అనుకుని పట్టిక గీస్తే అది తప్పుతుంది.

సమస్య 4: ఇనుము పోశారు, ప్లవకాలు పెరిగాయి, కార్బన్ మాత్రం అడుగుకు చేరలేదు

ఈ ప్రశ్నకు జవాబు మన దేశం పాల్గొన్న ప్రయోగంలోనే ఉంది. 2009 ఆరంభంలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణ మహాసముద్రంలో, పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ పరిశోధక ఓడ మీద లోహాఫెక్స్ ప్రయోగం చేశారు. పేరులోని లోహా హిందీ మాట, అంటే ఇనుము. మనకైతే లోహం అంటే ఏ లోహమైనా కావచ్చు. సుమారు 300 చదరపు కిలోమీటర్ల నీటిలో వాళ్లు కలిపింది ఫెర్రస్ సల్ఫేట్, అంటే మన ఎరువుల కొట్లలో దొరికే అన్నభేది.

కారణం: అక్కడి నీటిలో సిలికా చాలలేదు. గాజు లాంటి పెంకు కట్టుకునే డయాటమ్‌లు అనే ప్లవకాలకు అది లేనిదే గడవదు. అవి రాకపోవడంతో పెంకు లేని చిన్న కణాలు పెరిగాయి. వాటిని చిన్న రొయ్యల్లాంటి కోపిపాడ్‌లు మేసేశాయి. కార్బన్‌లో చాలా భాగం పైపొరలోనే తిరిగింది. అదే దక్షిణ మహాసముద్రంలోనే జరిగిన 2004 నాటి ఐఫెక్స్ ఇనుము ప్రయోగంలో సిలికా ఉండడంతో డయాటమ్‌లు పెరిగి, ఆ రాశిలో సగానికి పైగా వెయ్యి మీటర్ల కిందికి మునిగింది.

పరిష్కారం: ఇనుము పటం పక్కన సిలికేట్ పటం తప్పనిసరిగా పెట్టండి. మా నిమ్మ మొక్కకు కూడా వట్టి అన్నభేది పనిచేయలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదితో పాటు ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేశాకే చిగుళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. నిమ్మ ఉప్పు ఇనుమును పట్టుకుని తుప్పు పట్టనివ్వదు. సముద్రంలో ఆ పని సూక్ష్మజీవులు వదిలే సేంద్రియ పదార్థాలు చేస్తాయి. కరిగిన ఇనుములో దాదాపు అంతా వాటి చేతిలోనే ఉంటుంది. ఇనుము పోయడం గురించి ఉత్సాహంగా మాట్లాడేవాళ్లు, పోసినదాన్ని ఎవరు పట్టుకుంటారన్న ప్రశ్నను తరచూ దాటేస్తారని నా ఫిర్యాదు.

సమస్య 5: జూన్ పటం ఖాళీగా ఉంది

ఫైలు చెడిపోలేదు, మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి. అక్కడ అది చలికాలం: ధ్రువానికి దగ్గర్లో రాత్రే, మిగతాచోట్ల సూర్యుడు మరీ కిందుగా ఉంటాడు. రంగు చూసే ఉపగ్రహానికి ఎండ కావాలి. ఆ నెలలకు నీటిలో మునుగుతూ తేలుతూ కొలిచే ఆర్గో ఫ్లోట్‌లలో క్లోరోఫిల్ కొలిచేవాటి కొలతలు వాడండి. ఎండాకాలంలోనూ మబ్బుల వల్ల రోజువారీ పటం చిల్లుల జల్లెడలా ఉంటే నెలవారీ సగటు తీసుకోండి.

సమస్య 6: ఇదే సూత్రం ఆర్కిటిక్‌లో పెడితే తప్పుతోంది

తప్పాలి కూడా. ఆర్కిటిక్ చుట్టూ నేల, విశాలమైన నిస్సార తీరాలు, పెద్ద నదులు ఉన్నాయి. అక్కడ చాలాచోట్ల ముందు అయిపోయేది నైట్రేట్.

సమస్య 7: దీవి లేదు, మంచు లేదు, అయినా పచ్చటి మచ్చ

ఈ మచ్చ పట్టుకొచ్చిన విద్యార్థిని నేను కూర్చోబెట్టి టీ ఇస్తాను. నీటిని చూసింది చాలు, గాలిని చూడమంటాను. 2008లో అలాస్కా దగ్గరి అలూషియన్ దీవుల్లో కసాటోచి అగ్నిపర్వతం పేలినప్పుడు, ఆ బూడిద పడి ఈశాన్య పసిఫిక్ పచ్చబడింది. 2019-20లో ఆస్ట్రేలియా అడవులు కాలినప్పుడు ఆ పొగలోని ఇనుము వేల కిలోమీటర్లు ప్రయాణించి దక్షిణ మహాసముద్రంలో రాలింది, అక్కడ ప్లవకాలు విరగబూశాయి. మీ మచ్చ తేదీకి కొన్ని రోజుల ముందు నుంచి గాలిలోని ధూళి, పొగ చూపే పటాలను వరుసగా పరిచి, పొగ చార ఎటు నుంచి వచ్చిందో పెన్సిలుతో వెనక్కి గీసుకుంటూ వెళ్లండి.