కడప ఎండల్లో ఆల్కహాల్ ఇంక్ కార్డులు: సీసా మూత తీసే ముందు

ఉగాది పొద్దున దేవుని కడప గుడికి ముస్లింలు కూడా వచ్చి స్వామికి మొక్కుకునే ఊరు మాది. మా వీధిలో ఉగాది కార్డు ఇచ్చిన ఇంటికి రంజాను కార్డు కూడా ఇస్తాను. అన్నీ ఆల్కహాల్ ఇంక్‌తో, అంటే ఆల్కహాల్‌లో కలిపిన రంగు సిరాతో, నా చేత్తో చేసినవే. యుపో అనే ప్లాస్టిక్ కాగితం మీద రెండు చుక్కలు వేసి, స్పిరిట్ తగిలించి గాలి ఊదితే రంగు పొగమంచులా పాకుతుంది. సెలవులు మొదలయ్యాయంటే చాలు, చుట్టుపక్కల పిల్లలంతా "పిన్నీ, మాకూ నేర్పించు" అని వచ్చి కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే ఎండలు కూడా ముదురుతాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ఈ ఇంకును పల్చన చేసే స్పిరిట్, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 12 డిగ్రీల దగ్గరే నిప్పంటుకునేంత ఆవిరిని వదులుతుంది. మన దగ్గర చలికాలపు పగలు కూడా అంతకంటే వేడిగానే ఉంటుంది. ఇక మే నెలలో నలభై దాటిన గదిలో ఎట్లుంటుందో చూడండి. చుక్క పాకకముందే ఆరిపోయి అంచులు గట్టిపడతాయి. రంగు అందంగా పాకలేదని ఇంకా స్పిరిట్ పోస్తాం. పోసేకొద్దీ గదిలో ఆవిరి పెరుగుతుంది. వేసవిలో మనం చేసే తప్పు ఇదే. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది లోపు పని ముగించుకుంటే స్పిరిట్ తక్కువ పడుతుంది, రంగూ బాగా పాకుతుంది.

ఈ ఆవిరి గాలికంటే దాదాపు రెండింతలు బరువు. పైకి పోదు, నేల వెంబడి పాకుతుంది. మనమేమో చాప పరుచుకుని కిందే కూర్చుంటాం. దేవుడి మూల దీపం, అగరబత్తి, మంచం కింద దోమల చుట్ట, పక్కన వంటింట్లో స్టవ్, ఇవన్నీ ఆవిరి నడిచే దారిలోనే ఉంటాయి. కాబట్టి బల్ల మీద చేయండి. ఆ పూట దీపం కొండెక్కాక, పొయ్యి కట్టేశాకే మొదలుపెట్టండి. మధ్యలో కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించొద్దు. సీసాలకు మూతలు పెట్టి బయటికి వచ్చేయండి. ఇన్వర్టర్ ఉన్న గదిలో అసలు చేయొద్దు, అది ఆన్ అయ్యేటప్పుడు లోపల నిప్పురవ్వ రావచ్చు.

పోయిన వేసవిలో చల్లగా ఉంటుందని ఏసీ గదిలో తలుపులు బిగించుకుని రెండు గంటలు కూర్చున్నా. తల పగిలేంత నొప్పి వచ్చి, కడుపులో తిప్పింది. ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది తప్ప ఆవిరిని బయటికి పంపదు. గుడ్డ మాస్కు కూడా ఈ ఆవిరిని ఆపదు. ఎదురెదురు కిటికీలు తెరిచిన వసారా కానీ, పొద్దుటి మిద్దె కానీ మంచిది. ఆయాసం ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి.

వీడియోల్లో కొందరు కాగితం మీదే స్పిరిట్‌కు నిప్పంటించి రంగు పాకిస్తారు. దయచేసి ఇంట్లో చేయొద్దు. స్పిరిట్ మంట పగటి వెలుతురులో సరిగా కనపడదు, చున్నీ అంటుకున్నాకే తెలుస్తుంది. హీట్ గన్ కూడా వద్దు. యుపో ప్లాస్టిక్ కాగితం, వేడికి ముడుచుకుపోతుంది. హెయిర్ డ్రయ్యర్ లోపల కూడా తీగ కాలుతుంది కాబట్టి తడి ఉండగా దగ్గరికి తేవొద్దు. రంగు పాకించడానికి కెమెరా దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి చాలు. స్ట్రాతో ఊదితే ముఖం దగ్గరికి వంచి ఆవిరి పీలుస్తాం, పిల్లలైతే పొరపాటున లోపలికి లాగుతారు.

స్పిరిట్ అయిపోయిందని పెయింట్ అంగడి నుంచి థిన్నర్ తెచ్చుకోవద్దు. అది మరింత విషం. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసే చవక స్పిరిట్ కూడా వద్దు, కళ్లు పోవచ్చు. బయట పెట్టుకునేది వంద మిల్లీలీటర్లకు మించొద్దు. మిగతాది వేరే గదిలో, ఎండ తగలని అలమారలో గట్టిగా మూత పెట్టి ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, లోపలి స్విచ్ నిప్పు రాల్చే వీలుంది. వేడికి సీసాలో ఒత్తిడి పెరుగుతుంది. మూతను గుడ్డతో పట్టుకుని, ముఖం పక్కకు పెట్టి మెల్లగా తిప్పండి. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం ఎప్పుడూ పోయకండి.

నూలు బట్టలు, నడుముకు దోపిన కొంగు, చేతులకు నైట్రైల్ రబ్బరు గ్లౌజులు. పక్కన తడి నూలు గుడ్డ, ఇనుప మూత ఉండాలి. మంట లేస్తే కప్పి ఆర్పాలి, నీళ్లు గుమ్మరిస్తే మండుతున్న స్పిరిట్ చెదిరి పక్కలకు పారవచ్చు. అదుపు తప్పితే అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయాలి. తడిసిన టిష్యూలను ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకుండా, బయట నీడలో పరిచి ఆరనివ్వండి. కంట్లో పడితే పావుగంట నీళ్లతో కడగండి. పిల్లలు మింగితే వాంతి చేయించకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మా ఇంట్లో పిల్లలకు ఇచ్చే పని వేరు. ఒకరోజంతా ఆరిన కాగితాన్ని నేను ముక్కలుగా కోసిస్తాను. వాళ్లు అట్టలు మడిచి, అంటించి, లోపల మాటలు రాస్తారు. రంగు కాగితం మీద రాసే పెన్ను నీటి ఇంకుదే అయ్యుండాలి. స్పిరిట్ మార్కరైతే కింది రంగు కరిగి అక్షరాలు చెదిరిపోతాయి.