చిన్న పడవలో కిరసనాయిలు లాంతరు: వెలుగుకూ వెచ్చదనానికీ వాడటం ఎలా?

డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖ తీరాన రాత్రిపూట పడవలోనే పడుకునేవారిని చలి కంటే తేమ ఎక్కువగా బాధిస్తుంది. తెల్లవారుజాముకు కేబిన్ గోడలు చెమర్చి, దుప్పట్లు చేతికి తడిగా తగులుతాయి. లాంతరు పెట్టి తలుపులన్నీ బిగిస్తే ఆ తేమ ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే లీటరు కిరసనాయిలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది.

నూనెను పగటిపూట గట్టు మీదే, లాంతరు చల్లగా ఉన్నప్పుడు పోసుకోవాలి. డబ్బాను కాసేపు కదపకుండా ఉంచి పైనూనెను మాత్రమే వంచుకోండి. అడుగున చేరిన ఉప్పునీరు ఒత్తికి అందితే మంట చిటపటలాడుతుంది. బుడ్డిలో నాలుగో వంతు ఖాళీగా వదలాలి. పెట్రోలు ఒక్క చుక్క కూడా కలపకూడదు. కిరసనాయిలు ఆవిరి అంటుకోవడానికి సుమారు 38 డిగ్రీల వేడి కావాలి, కానీ వేసవి ఎండలో డెక్కు ఆ వేడిని సులువుగా దాటుతుంది కనుక డబ్బా ఎప్పుడూ నీడలోనే ఉండాలి.

తరువాతిది ఒత్తి. నా అనుభవంలో లాంతరు తంటాల్లో సగం ఇక్కడే పుడతాయి. ఒత్తిని కత్తెరతో అడ్డంగా సమంగా కత్తిరించి, రెండు మూలలను కొద్దిగా గుండ్రం చేస్తే మంట కొమ్ములు లేకుండా నిలుస్తుంది. కొత్త ఒత్తి అయితే పావుగంట నూనెలో నాననివ్వాలి. చిన్నగా వెలిగించి, గాజు వేడెక్కేదాకా ఐదు నిమిషాలు ఆగి, ఆ తరువాతే పెంచాలి. గాజు మీద నల్లని నాలుకలా మసి పాకుతుంటే ఒత్తి ఎక్కువైందని అర్థం.

లాంతరు పైభాగానికీ కప్పుకూ మధ్య కనీసం మూరెడు ఎడం ఉండేలా కొక్కానికి తగిలించి, ఊగిసలాట తగ్గడానికి అడుగున మరో తాడు కట్టండి. కింద ఒకటి, పైన ఒకటి గాలి దారులు తెరిచే ఉంచాలి. గాలి చాలకపోతే మంట నుంచి పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. గంటకు 20 మిల్లీలీటర్లు తాగే లాంతరు దాదాపు 200 వాట్ల వేడినిస్తుంది, మన తీరపు చలికి అది చాలు. పెట్రోమాక్స్ వెలుగు గొప్పదే గానీ, దాని మేంటిల్ (వెలుగునిచ్చే వలలాంటి సంచి) అలల కుదుపుకు రాలిపోతుంది.

డెక్కు మీద లాంతరుకు ఇంకో పని ఉంది. 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం, తెడ్లతో నడిచే పడవకు దీపాలు లేకపోతే టార్చి గానీ, తెల్లని వెలుగునిచ్చే లాంతరు గానీ వెలిగించి చేతికందేలా ఉంచుకొని, ఢీకొనే ప్రమాదం రాకముందే చూపాలి. రేవుకు వచ్చే ఓడల దారిలో ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

ఫిషింగ్ హార్బరులో పడవలు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నప్పుడు మాత్రం లాంతరు వెలిగించకండి; 2023 నవంబరులో అక్కడ ఒక్క రాత్రిలో పదుల బోట్లు కాలిపోయాయి. ఒలికిన నూనె అంటుకుంటే నీళ్లు చల్లకుండా, ఇసుకతోనో తడి గోనెసంచితోనో కప్పాలి. నిద్రకు ముందు ఒత్తి దించి ఊది ఆర్పేయండి. వేడి గాజు మీద నీటి తుంపర పడితే పగులుతుంది కాబట్టి, ఉదయం చల్లారాకే పొడి వార్తాపత్రిక ముక్కతో మసి తుడవండి.